పక్క ప్లాట్లో ఐదంతస్తులు లేస్తుంటే

పోయిన సంచికలో, జనం పెరుగుతున్న నగరాలు పైకి కట్టుకుంటూ పోవాలా, ఊరి చివరికి పరుచుకుంటూ పోవాలా అని రెండు పేజీలు రాశాం. నాలుగైదు అంతస్తుల ఇళ్లను ఏవో రెండు మూడు పేటల్లో కాకుండా ఊరంతా అనుమతించాలని నేనన్నాను. ఉత్తరాలు బాగానే వచ్చాయి, సగం తిట్లు. తిట్లలోనూ పనికొచ్చే ప్రశ్నలున్నాయి కాబట్టి వాటినీ కలిపి పెడుతున్నాను. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు, అందుకే ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: జనసాంద్రత పెంచాలి, పెంచాలి అని రాశారు. సూటిగా టవర్లు కట్టండి అంటే పోయేది కదా. ముప్పయ్యో అంతస్తులో బతకడం మనుషులకు మంచిదేనా? (ఒక రిటైర్డ్ ఇంజినీరు)

జవాబు: టవర్లు కట్టమని నేనెక్కడా రాయలేదండీ. కానీ మీరొక్కరే కాదు, చాలామంది అలాగే చదువుకున్నారు. సాంద్రత వేరు, ఎత్తు వేరు. పారిస్‌నే తీసుకోండి. రింగ్ రోడ్డు లోపలున్న అసలు నగరం సుమారు 105 చదరపు కిలోమీటర్లు, జనం 20 లక్షల పైచిలుకు, అంటే చదరపు కిలోమీటరుకు దాదాపు 20 వేల మంది. అంతమందీ ఉంటున్నది చాలావరకు ఆరేడు అంతస్తుల ఇళ్లలోనే. 1973లో అక్కడ 210 మీటర్ల మోంపర్నాస్ టవర్ లేచింది, ఊరికి నచ్చలేదు, 1977లో ఎత్తు మీద పరిమితి పెట్టేశారు. బార్సిలోనాలో 1859లో సెర్దా అనే ఇంజినీరు గీసిన ప్లాన్ ప్రకారం వచ్చిన అషాంప్లా పేటలో జనం ఇంకా చిక్కగా ఉంటారు, అక్కడా టవర్లు లేవు.

మాన్‌హాటన్ లెక్క ఇంకా వింతగా ఉంటుంది. 1910 జనాభా లెక్కల్లో అక్కడ 23 లక్షల 31 వేల మంది. 2020లో 16 లక్షల 94 వేలు. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ వచ్చిందే 1931లో. అంటే మనం ఫొటోల్లో చూసే ఆ టవర్లలో చాలావరకు లేవకముందే అక్కడ ఇప్పటికంటే ఆరు లక్షల మంది ఎక్కువ ఉండేవాళ్లు. ఎక్కడుండేవాళ్లంటే, ఐదారంతస్తుల అద్దె వాటాల్లో, కిటికీ లేని లోపలి గదుల్లో, ఒకరి మీద ఒకరు పడి. ఎకరానికి ఎన్ని ఇళ్లు అనేది ఒక లెక్క, గదికి ఎంతమంది అనేది పూర్తిగా వేరే లెక్క. మనం భయపడాల్సింది రెండోదానికి. జనం వస్తూనే ఉండి ఇళ్లు రాకపోతే పెరిగేది కూడా అదే.

మీరు ఇంజినీరు కాబట్టి ఈ లెక్క మీకు కొత్త కాదు, మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. వెయ్యి చదరపు మీటర్ల ప్లాటు ఉంది, ఎఫ్ఎస్ఐ, అంటే ప్లాటు వైశాల్యానికి ఎన్ని రెట్లు కట్టుకోవచ్చన్న పరిమితి, 2 అనుకుందాం. మొత్తం 2,000 చదరపు మీటర్లు కట్టుకోవచ్చు. ప్లాటు నిండా కడితే రెండే అంతస్తులు. సగం స్థలంలో కడితే నాలుగు. పదో వంతులో కడితే ఇరవై. ఇల్లు ఒక్క గజం కూడా పెరగలేదు, ఆకారమే మారింది. 1960ల్లో కేంబ్రిడ్జిలో లెస్లీ మార్టిన్, లయొనెల్ మార్చ్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు ఇదే సంగతిని జామెట్రీ వేసి చూపించారు. టవర్లు పెట్టి ఇచ్చే వైశాల్యాన్ని, ప్లాటు అంచుల వెంట తక్కువ ఎత్తులో కట్టి మధ్యలో పెద్ద ఖాళీ వదిలినా ఇవ్వొచ్చని. తేడా అంతా మిగిలిన ఖాళీ ఎలా ఉంటుందన్న దాంట్లో ఉంది. టవర్ చుట్టూ మిగిలేది ర్యాంపుకీ, కార్లు తిరిగే దారికీ, పేరుకు పెంచిన గడ్డికీ పోతుంది. నాలుగంతస్తులు అంచున కట్టి లోపల వదిలినది ఒక్కటే పెరడు అవుతుంది, పిల్లాడు కింద ఆడుకుంటుంటే మూడో అంతస్తు నుంచి పేరు పెట్టి పిలిస్తే వినపడుతుంది. ముప్పయ్యో అంతస్తు మంచిదా కాదా అంటే, ఇష్టమైనవాళ్లు ఉండొచ్చు, నాకైతే అభ్యంతరం లేదు, కాకపోతే ఎత్తు పెరిగేకొద్దీ లిఫ్టులూ పంపులూ పునాదీ కలిసి చదరపు అడుగు ఖర్చు పెరుగుతుంది, కాబట్టి మామూలు జీతగాళ్ల ఇళ్ల కొరతకు అది మందు కాదు.

ప్రశ్న: మా పక్క పాత ఇల్లు పడగొట్టి ఐదంతస్తులు కడుతున్నారు. మా వంటింటి కిటికీకి సరిగ్గా ఎదురుగా వాళ్ల బాల్కనీలు. పగలే లైటు వేసుకుంటున్నాం. మీ వ్యాసం చదివితే మాలాంటివాళ్లం స్వార్థపరులం అన్నట్టుంది. (ఒక గృహిణి)

జవాబు: అమ్మా, అలా అనిపించి ఉంటే నా రాతలోనే ఏదో తేడా ఉంది, నేనన్నది అది కాదు. వెలుతురు అడగడం స్వార్థం కాదు. 1915లో న్యూయార్క్‌లో ఈక్విటబుల్ బిల్డింగ్ అని 38 అంతస్తుల భవనం ఒకటి రోడ్డు అంచు నుంచి నిటారుగా లేచి చుట్టుపక్కల వీధుల్ని నీడలో ముంచేసింది, మరుసటి ఏడాదే, 1916లో, ఎత్తుకు వెళ్లేకొద్దీ గోడ వెనక్కి జరగాలని ఆ ఊరు రూల్ పెట్టింది. ఎక్కడ ఏది ఎంత కట్టొచ్చో చెప్పే జోనింగ్ చట్టాలు పుట్టడానికి మీలాంటి ఫిర్యాదులూ ఒక కారణమే.

కాకపోతే మీ ఇబ్బందికి అసలు కారణం ఐదంతస్తులు అని నేననుకోను. పక్కకు చూసే బాల్కనీలు. చాలాచోట్ల రూల్ ప్రకారం నాలుగు వైపులా రెండు మూడు మీటర్ల చొప్పున సెట్‌బ్యాక్ వదలాలి. కాగితం మీద అది న్యాయంగానే కనిపిస్తుంది. కట్టాక చూడండి, ఇటు రెండు మీటర్లు, అటు రెండు మీటర్లు, మధ్యలో కాంపౌండ్ గోడ, ఆ సందులో ఏసీ మిషన్లు, డ్రైనేజీ చాంబర్లు, మోటారు, ఎప్పుడూ ఆరని తడి. ఎవరికీ పనికిరాని స్థలం. హాల్లోంచి చూడ్డానికి అదొక్కటే దిక్కు కాబట్టి బాల్కనీ కూడా అటే పెడతారు, మీ వంటిల్లు వాళ్ల వ్యూ అవుతుంది. పాత యూరప్ పేటల్లో పక్క గోడలు ఆనుకునే కట్టుకున్నారు, కిటికీలన్నీ ముందు వీధికీ, వెనక పెరటికీ. ఆ పక్క సందుల్లో పోయే స్థలమంతా వెనక ఒకే చోట కలిపితే అక్కడ చెట్టు పెరుగుతుంది. నాకు రూల్ మార్చే అధికారముంటే పక్క సెట్‌బ్యాక్ తీసేసి వెనకది రెండింతలు చేస్తాను.

అయితే ఇది రేపు కట్టేవాళ్లకు. మీ కిటికీ ఇప్పటికే అటు ఉంది. ఒక తరహా ఇళ్లు ఇంకో తరహాగా మారే మధ్యకాలంలో నష్టపోయేది మీలాంటివాళ్లే, దాన్ని తేలిక చేసి మాట్లాడితే ఎవరూ వినరు, వినక్కర్లేదు కూడా. బాల్కనీలకు మనిషి ఎత్తు జాలీ తెరలు పెట్టమని, మీ కిటికీకి ఎదురుగా కిటికీ రాకుండా పక్కకు జరపమని అడగండి. స్లాబులు పడేదాకా ఇవి మార్చుకోగలిగినవే, ఖర్చు కూడా పెద్దగా లేదు.

ప్రశ్న: మా కాలనీలో ఒక ప్లాటుకు ఒకే ఇల్లు అని రూల్. అది చూసే కొన్నాం. ఇప్పుడొచ్చి ఆ రూల్ మారుస్తామంటే ఒప్పుకోవాలా? కాలనీకి ఒక స్వభావం అంటూ ఉండదా?

జవాబు: ఉంటుంది. ఆ రూల్ ఎక్కడ్నుంచి వచ్చిందో కూడా కాస్త చూద్దాం. 1917లో అమెరికా సుప్రీంకోర్టు, ఫలానా రంగువాళ్లు ఫలానా వీధిలో ఉండకూడదని ఊళ్లు చట్టం చేయడం చెల్లదంది. 1926లో అదే కోర్టు యూక్లిడ్ అనే చిన్న ఊరి కేసులో, ఏ పేటలో ఎలాంటి కట్టడం ఉండాలో ఊళ్లు నిర్ణయించుకోవచ్చంది. ఆ తీర్పులో అపార్ట్‌మెంట్‌ని, చుట్టూ ఉన్న ఇళ్ల అందం మీద పడి బతికే పరాన్నజీవి అన్నంత మాట ఉంది. రంగు పేరుతో రాయడానికి వీల్లేనిది ప్లాటు సైజు పేరుతో రాసుకునే దారి అలా తెరుచుకుంది. మీ కాలనీవాళ్లు ఆ ఉద్దేశంతో పెట్టుకున్నారని అనడం లేదు. కానీ పెద్ద ప్లాటుకు ఒకే ఇల్లు అన్నప్పుడు, అంత పెద్ద ప్లాటు కొనలేనివాళ్లు అక్కడికి రాకూడదని రాసినట్టే, ఉద్దేశం ఏదైనా.

మధ్యేమార్గం ఉంది. హ్యూస్టన్‌లో 1998లో నగరం లోపలి భాగంలో ఇంటికి కావలసిన కనీస ప్లాటును 5,000 చదరపు అడుగుల నుంచి 1,400 దాకా తగ్గించారు. ఒక పాత ఇల్లున్న చోట మూడు వరుస ఇళ్లు లేచాయి, అవి వేలల్లోకి వెళ్లాయి. జనం ఎందుకు పెద్దగా అడ్డుపడలేదంటే, ఏ వీధివాళ్లకైనా మా బ్లాకులో పాత సైజే ఉండాలి అనిపిస్తే సంతకాలు సేకరించి ఆ బ్లాకు వరకు పాత రూల్ ఉంచుకునే వీలిచ్చారు. ఇది నాకు నచ్చింది. మీ వీధి మీరు కాపాడుకోండి, సంతకాలు పెట్టేవాళ్లుంటే. కాలనీ కమిటీలో నలుగురు కూర్చుని రెండు వేల ఇళ్ల తరఫున వద్దనడం మాత్రం కుదరదు.

ప్రశ్న: మేముండే చోట ఎటు చూసినా క్రేన్లే, అయినా ప్రతి ఏడాదీ అద్దె పెంచుతూనే ఉన్నారు. కట్టేవన్నీ డబ్బున్నవాళ్ల ఫ్లాట్లు. ఎక్కువ కడితే ధర దిగుతుందనేది బిల్డర్లు చెప్పే కథ కాదా? మీరు కూడా అదే పాట పాడుతున్నారు. (అద్దెకు ఉంటున్న ఒక పాఠకుడు)

జవాబు: మీ కోపంలో సగం న్యాయం ఉంది, అందుకే దీనికి కొంచెం పొడుగ్గా రాస్తాను.

ఫిన్లాండ్‌లో ఎవరు ఏ ఇంట్లోంచి ఏ ఇంట్లోకి మారారో ప్రభుత్వ రిజిస్టర్లలో ఉంటుంది. హెల్సింకి పరిశోధకులు వాటిని పట్టుకుని, నగరం నడిబొడ్డున కొత్తగా కట్టిన మార్కెట్ ధర ఫ్లాట్లలోకి ఎవరొచ్చారు, వాళ్లు ఖాళీ చేసిన ఇంట్లోకి ఎవరొచ్చారు, వీళ్లు వదిలిన ఇంట్లోకి ఎవరు అని వరసగా చూసుకుంటూ వెళ్లారు. ప్రతి వంద కొత్త ఫ్లాట్లకూ, ఆదాయంలో కింది సగంలో ఉన్న పేటల్లో సుమారు 60 ఇళ్లు ఖాళీ అయినట్టు తేలింది, అదీ రెండు మూడేళ్ల లోపే. అంటే డబ్బున్నవాళ్ల ఫ్లాటు డబ్బున్నవాళ్లతో ఆగిపోవడం లేదు. ఆ ఫ్లాటు కట్టకపోతే వాళ్లేమీ ఊరు వదిలిపోరు, మీరుంటున్న పాత ఇంటికే ఎక్కువ అద్దె ఇస్తామని వస్తారు.

ఇక మీ వైపు న్యాయం. ఈ గొలుసు మధ్యలో తెగిపోవచ్చు. కొత్త ఫ్లాటులోకి వచ్చినవాడు వేరే ఊరి నుంచి వస్తే ఇక్కడ ఖాళీ అయ్యే ఇల్లు లేదు. జనం వేగంగా వచ్చే ప్రాంతాల్లో ఇదే జరుగుతుంది, అందుకే క్రేన్లు కనిపిస్తూనే అద్దె పెరుగుతుంది. ఆ క్రేన్లు లేకపోతే ఇంకా పెరిగేదన్నది నిజమే అయినా నెల మొదట్లో అద్దె కట్టేవాడికి ఆ మాట ఓదార్పు కాదు. కొన్న ఫ్లాటుకు తాళం వేసి ధర పెరగాలని ఎదురుచూస్తే గొలుసు అసలు మొదలే కాదు. అన్నిటికంటే ముఖ్యం, ఏది పడగొట్టి కట్టారు అన్నది. ఖాళీ గోడౌన్ తీసేసి ఎనభై ఫ్లాట్లు కడితే ఎవరికీ నష్టం లేదు. చౌక అద్దెల పాత వాటాలు ఇరవై తీసేసి నలభై ఖరీదైనవి కడితే, లెక్కలో ఇరవై ఇళ్లు పెరిగినట్టే, కానీ ఆ ఇరవై కుటుంబాలు రేపు పొద్దున ఎక్కడికి పోవాలి? ఈ తేడా చూడకుండా ఎన్ని యూనిట్లు పెరిగాయో చెప్పేవాళ్లను నేనూ నమ్మను.

రూల్ మార్చినా అది ఎలా మార్చారన్నది చూడాలి. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ 2016లో తన నివాస భూమిలో సుమారు నాలుగింట మూడొంతుల మీద ఎక్కువ ఇళ్లకు అనుమతినిచ్చింది. ఆ ఏడాది పదివేలున్న ఇళ్ల పర్మిట్లు 2022కల్లా 20 వేలు దాటాయి, అందులో ఎక్కువ భాగం వరుస ఇళ్లే. తర్వాత వడ్డీ రేట్లు పెరిగి పర్మిట్లు మళ్లీ తగ్గాయి, అది వేరే సంగతి. అమెరికాలో మినియాపోలిస్ 2018లో ప్రతి ప్లాటులో మూడు ఇళ్లు కట్టుకోవచ్చని తీర్మానం చేసి ప్రపంచమంతా పేపర్లకెక్కింది, తీరా చూస్తే మూడేసి ఇళ్లు కట్టినవాళ్లు చాలా తక్కువ. ఎందుకంటే మూడు ఇళ్లన్నారు గానీ మొత్తం బిల్డింగ్ సైజు పరిమితిని పెద్దగా కదపలేదు. ఒక ఇంటికి సరిపడా డబ్బాలో మూడు కాపురాలు ఎవరు దూరుస్తారు? అక్కడ ఇళ్లు నిజంగా పెరిగింది పెద్ద రోడ్ల వెంట అపార్ట్‌మెంట్లకు వీలిచ్చి, పార్కింగ్ నిబంధన తీసేసిన చోట.

అన్నీ మార్కెట్‌కే వదిలేయాలని నేననను. వియన్నాలో సుమారు సగం మంది నగరపాలక సంస్థ ఇళ్లలోనో, లాభం మీద పరిమితి ఉన్న సంఘాల ఇళ్లలోనో ఉంటారు. 1930లో పూర్తయిన కార్ల్ మార్క్స్ హోఫ్ కిలోమీటరుకు పైగా పొడుగున్న ఒకే భవనం, 1,382 ఫ్లాట్లు, అయినా కట్టడం ఆక్రమించింది స్థలంలో ఐదో వంతు లోపే. సింగపూర్‌లోనూ చాలామంది ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లలోనే ఉంటారు, కానీ అది చెప్పేవాళ్లు 1966 భూసేకరణ చట్టం సంగతి చెప్పరు. ప్రైవేటు భూమిని తక్కువ పరిహారంతో తీసుకునే అధికారం అక్కడి ప్రభుత్వానికి ఆ చట్టంతో వచ్చింది. మనకు ఆ ఫలితం కావాలంటే ఆ గొడవ కూడా పడాలి.

ప్రశ్న: రోడ్డు అదే, కార్లు నాలుగింతలు. దీనికి మీ దగ్గర జవాబు ఉందా?

జవాబు: ఒక ఇల్లున్న చోట నాలుగు కుటుంబాలు వస్తే మీ వీధిలో బళ్లు పెరుగుతాయి. పెరగవని చెప్పేవాళ్లు అబద్ధం చెబుతున్నట్టే. కాకపోతే ఆ నాలుగు కుటుంబాలూ ఊరికి ముప్పై కిలోమీటర్ల అవతల ఇల్లు తీసుకుంటే మాయమైపోవు, రోజూ మీ వీధి మీదుగానో మీ చౌరస్తా మీదుగానో నడిబొడ్డుకు వస్తాయి, ఇంకా ఎక్కువ దూరం నడిపి.

నేను గొడవపడేది పార్కింగ్ రూల్‌తో. ఒక కారు నిలబడటానికి రెండున్నర మీటర్లు, ఐదు మీటర్లు, అంటే పన్నెండున్నర చదరపు మీటర్లు. అది లోపలికి వచ్చి తిరగడానికి దారి, ర్యాంపు కలిపితే పాతిక నుంచి ముప్పై. ఫ్లాటుకు రెండు కార్ల చోటు తప్పనిసరి అంటే యాభై అరవై చదరపు మీటర్లు, అంటే ఒక చిన్న కుటుంబం ఉండే ఫ్లాటంత. ఆ చోటుకు సెల్లారు తవ్వాలి, రాయి తగిలితే పేల్చాలి, నీళ్లు ఊరితే తోడాలి, ఆ డబ్బంతా ఫ్లాటు ధరలోనే, కారు లేనివాడి ఫ్లాటు ధరలో కూడా. అమెరికాలో డొనాల్డ్ షూప్ అనే ప్రొఫెసర్ జీవితమంతా దీని మీదే పోరాడి 2025లో పోయారు. బఫలో నగరం 2017లో కనీస పార్కింగ్ రూల్ ఎత్తేసింది. మెక్సికో సిటీ అదే ఏడాది, ఇంతకు తగ్గకుండా పెట్టాలి అన్న రూల్‌ని ఇంతకంటే ఎక్కువ పెట్టకూడదు అని తిరగేసింది.

ఇందులో ఒక మెలిక ఉంది. లోపల పార్కింగ్ తగ్గించి, బయట వీధిలో ఎంతసేపైనా ఉచితంగా పెట్టుకోనిస్తే కార్లన్నీ మీ గేటు ముందుకొస్తాయి, మీకు మళ్లీ టెన్షన్. వీధి పక్క చోటుకు డబ్బు వసూలు చేయడం, ఆ డబ్బు ఆ వీధికే ఖర్చుపెట్టడం రెండూ కలిసి రావాలి, షూప్ చెప్పిందీ అదే. జనం ఒప్పుకోరంటారేమో. స్టాక్‌హోంలో 2006లో నగరంలోకి వచ్చే కార్లకు రుసుము పెట్టే ముందు ఎక్కువమంది వద్దన్నారు. ఏడు నెలలు ప్రయోగంగా పెట్టి చూస్తే సరిహద్దు దాటే బళ్లు ఐదో వంతు దాకా తగ్గాయి, ఆ తర్వాత ఓటింగ్‌లో నగరవాసులే ఉంచమన్నారు.

ప్రశ్న: ఊరి చివర బోలెడు ఖాళీ భూమి ఉండగా ఈ ఇరుకు మనకెందుకు?

జవాబు: భూమి ఉంది, పైపులు లేవు. వంద ఇళ్లు దగ్గరగా ఉంటే వేసే డ్రైనేజీ లైను పొడవు, అవే వంద ఇళ్లు విడివిడిగా ఉంటే ఎన్నో రెట్లు. వేసే రోజు బిల్డర్ వేస్తాడు, ఇరవై ముప్పై ఏళ్లకు మార్చాల్సి వచ్చినప్పుడు ఊరంతా కట్టాలి. బస్సు కూడా అంతే, ఎక్కేవాళ్లు విడివిడిగా ఉంటే గంటకొకటి వస్తుంది, గంటకొకటి వస్తే ఎవరూ ఎక్కరు. బ్రెజిల్‌లో కురితిబా 1970ల నుంచి బస్సు లైన్ల వెంటే ఎత్తు కట్టనిచ్చి మిగతాచోట్ల తగ్గించింది, ముందు ఇళ్లా ముందు బస్సా అన్న తగువు లేకుండా రెండూ ఒకే గీత మీద వచ్చాయి. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రపు పోర్ట్‌లాండ్ 1979లో నగరం చుట్టూ గీత గీసి దాని అవతల కట్టొద్దంది. గీత మంచిదే, కానీ లోపల ప్లాటుకు ఒకే ఇల్లన్న రూల్‌ని దశాబ్దాలు అలాగే ఉంచారు, బయటా లేదు లోపలా లేదంటే ధర ఎటు పోతుంది? 2019లో ఒరెగాన్ రాష్ట్రం చట్టం చేస్తే గానీ ఆ లోపలి తలుపు తెరుచుకోలేదు.

ప్రశ్న: ఆర్కిటెక్చర్ చదువుతున్నాను. అమెరికా ప్లాన్లు చూస్తే అపార్ట్‌మెంట్ అంటే మధ్యలో పొడుగాటి కారిడార్, రెండు వైపులా ఫ్లాట్లు, హోటల్‌లా. యూరప్ ప్లాన్లు అలా ఉండవు. ఎందుకు సార్?

జవాబు: మెట్ల వల్ల. ఇలాంటి ప్రశ్న ఇంకా నాలుగు వచ్చుంటే బాగుండేది. అమెరికాలో చాలాచోట్ల మూడంతస్తులు దాటిన అపార్ట్‌మెంట్‌కు రెండు మెట్ల దారులు ఉండాలి, ప్రతి ఫ్లాటు నుంచీ రెండింటికీ వెళ్లగలగాలి. రెండింటినీ కలపాలంటే కారిడార్ తప్పదు. కారిడార్ వచ్చిందంటే మూలల్లో తప్ప ప్రతి ఫ్లాటుకూ ఒకే వైపు కిటికీలు. గాలి ఒక వైపు నుంచి వచ్చి ఇంకో వైపు పోదు. పడకగదికి కిటికీ ఉండాలి కాబట్టి మూడు పడకగదుల ఫ్లాటు గీయడం కష్టం, గీసినా హాలు లోపల చీకట్లో పడుతుంది, అందుకే స్టూడియోలూ ఒంటి గది ఫ్లాట్లే ఎక్కువ వస్తాయి. పిల్లలున్నవాళ్లు అపార్ట్‌మెంట్‌లో ఉండలేం అంటుంటే అది వాళ్ల అలవాటు అనుకుంటాం. ఒకే మెట్ల చుట్టూ అంతస్తుకు రెండో మూడో ఫ్లాట్లు పెడితే ఒక్కోటి ముందు నుంచి వెనకదాకా వెళుతుంది, రెండు వైపులా వెలుతురు, చిన్న ప్లాటులో కూడా పడుతుంది. అమెరికాలోనే సియాటిల్ నగరం, మంట రాగానే నీళ్లు చల్లే స్ప్రింక్లర్లు ఉండాలి, అంతస్తుకు నాలుగు ఫ్లాట్లకు మించకూడదు లాంటి షరతులతో ఆరంతస్తుల దాకా ఒకే మెట్లను ఎప్పట్నుంచో అనుమతిస్తోంది.

అగ్నిప్రమాదాల సంగతి తేలిగ్గా తీసుకోమని కాదు. జర్మనీలో పై అంతస్తు నేల 22 మీటర్లు దాటితే అది హైరైజ్ కింద లెక్క, రూల్స్ కఠినమైపోతాయి, ఎందుకంటే ఫైరింజన్ నిచ్చెన సుమారు 23 మీటర్ల వరకే అందుతుంది. అక్కడ ఏడెనిమిది అంతస్తుల దగ్గర ఆగిపోయిన భవనాలు అన్నన్ని కనిపిస్తాయంటే దాని వెనక ఆ నిచ్చెన ఉంది. నీ థీసిస్‌కు ఇంతకంటే మంచి విషయం నాకు తట్టడం లేదు బాబూ, చేస్తే నాకూ ఒక కాపీ పంపు.

ప్రశ్న: సెయింట్ లూయిస్‌లో ప్రూయిట్ ఐగో అని కట్టి, నేరాలు పెరిగిపోయి, చివరికి పేల్చేశారు. ఇంకా నేర్చుకోరా మీరు?

జవాబు: అమెరికాలో తక్కువ ఆదాయంవాళ్ల కోసం ప్రభుత్వం కట్టిన ఇళ్లవి. 11 అంతస్తుల బ్లాకులు 33, కట్టింది 1950ల మధ్యలో, కూల్చడం మొదలైంది 1972లో. అక్కడ ఖర్చు తగ్గించడానికి లిఫ్టు ఒకటి, నాలుగు, ఏడు, పది అంతస్తుల్లోనే ఆగేది, మిగతావాళ్లు చీకటి మెట్ల మీద దిగిపోవాలి. తప్పుడు డిజైనే, ఒప్పుకుంటాను. కానీ భవనాల నిర్వహణ అంతా అక్కడివాళ్లు కట్టే అద్దెలతోనే నడవాలని పెట్టారు, అదే సమయంలో ఊరు ఖాళీ అవుతోంది, 1950లో 8 లక్షల 57 వేలున్న జనాభా 1970కి 6 లక్షల 22 వేలకు పడింది. ఫ్లాట్లు ఖాళీ, అద్దె రాదు, లిఫ్టు బాగు చేయరు, ఇంకొందరు వెళ్లిపోతారు. ఇప్పుడు సింగపూర్ ఫ్లాట్ల ఫొటో, దాని ఫొటో పక్కపక్కన పెట్టి చూడండి, ఆకారంలో మరీ అంత తేడా ఏమీ లేదు. లిఫ్టు బాగు చేసేవాడికి జీతం వస్తోందా అన్నది ఫొటోలో పడదు.

ప్రశ్న: విల్లాల్లో కూర్చుని మమ్మల్ని ఫ్లాట్లలో ఉండమని చెప్పేవాళ్లను చాలామందిని చూశాం.

జవాబు: అద్దె ఫ్లాటండీ నాది, లిఫ్టు కూడా లేదు. తర్వాత.

ప్రశ్న: మా పేట కొత్త ప్లాన్ మీద అభ్యంతరాలుంటే మీటింగుకు వచ్చి చెప్పమని నోటీసు వచ్చింది. నేను వ్యతిరేకం కాదు, అలాగని కళ్లు మూసుకుని ఒప్పుకోవడమూ ఇష్టం లేదు. ఏం అడగాలి?

జవాబు: ముందుగా ఆ రంగుల బొమ్మ పక్కన పెట్టమనండి, సాయంత్రపు వెలుగు, చెట్లు, సైకిలు మీద అమ్మాయి ఉండేది. కింది అంతస్తు ప్లాన్ అడగండి. వీధి వైపు గోడలో ఎంత భాగం గేట్లకూ ర్యాంపుకూ ట్రాన్స్‌ఫార్మర్‌కూ పోయిందో, ఎంత భాగంలో తలుపులూ కిటికీలూ దుకాణాలూ ఉన్నాయో స్కేలు పెట్టి కొలవండి. రోజూ ఆ పక్కన నడిచేవాళ్లకు ఆ ఇల్లు అంతే, పైన నాలుగున్నాయా ఏడున్నాయా అన్నది తలెత్తితే గానీ తెలియదు. సెల్లారు ప్లాను అడగండి. సెల్లారు ప్లాటు అంచుల దాకా తవ్వితే పైన గీసిన చెట్లన్నీ కాంక్రీటు మీద మట్టి తొట్టెలే, వేరు దిగదు, వాన నీరు ఇంకదు. ఒక మూలైనా కింద కాంక్రీటు లేని నేల వదిలారా అని అడగండి. డ్రైనేజీ లైను సైజు ఎంత, ఎప్పుడు మారుస్తారు, ఆ డబ్బు ఎవరిది. బస్సు ఉందా. పడగొట్టే ఇళ్లలో ఇప్పుడు అద్దెకున్నవాళ్లు ఎంతమంది, వాళ్లకు ఏం ఇస్తున్నారు.

ఇంకొకటి. మసాచుసెట్స్ పట్టణాల్లో ఇలాంటి మీటింగుల మినిట్స్ తీసి, ఎవరు మాట్లాడారో బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు లెక్కగట్టారు. మాట్లాడినవాళ్లలో సొంతిల్లున్నవాళ్లూ, వయసు పైబడినవాళ్లూ ఊళ్లో వాళ్ల నిష్పత్తికి మించి ఉన్నారు, ఎక్కువమంది కట్టొద్దన్నవాళ్లే. ఆ కొత్త ఫ్లాట్లలోకి రాబోయేవాళ్లు ఇంకా ఆ పేటలో లేరు కాబట్టి మీటింగులో ఉండే అవకాశమే లేదు. మీ నోటీసులో టైము చూడండి. పనిదినం పొద్దున పదకొండుకు పెట్టి ఉంటే అద్దెకుండేవాళ్లలో ఉద్యోగాలకు పోయేవాళ్లెవరూ రాలేరు. అభ్యంతరాల సంగతి తర్వాత, సాయంత్రానికి మార్చమని ముందు ఒక ఉత్తరం రాసి ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి.